కొండల ఊరిని కొలవాల్సింది ఎత్తుతో కాదు, వాలుతో

సంపాదకులు గారికి నమస్కారాలు.

గత ఆదివారం అనుబంధంలో అమెరికాలోని కొండ నగరాల మీద మీరు వేసిన పట్టిక చూశాం. సముద్ర మట్టానికి ఎంత ఎత్తున ఉంటే అంత కొండ ఊరన్నట్టు వరస కట్టి, డెన్వర్‌ను మొదట నిలబెట్టి శాన్‌ఫ్రాన్సిస్కోను అడుక్కి దించారు. ఆ కొలత తప్పు. పిల్లల్ని చదువుకి పంపుతున్న తల్లిదండ్రులు, ఉద్యోగం మీద కుటుంబంతో వెళ్తున్నవాళ్లు బెంగళూరులో మీ పాఠకుల్లోనే చాలామంది ఉన్నారు. ఇల్లు ఎక్కడ తీసుకోవాలి, కారు ఎలా నిలపాలి అన్నవి వాళ్లు ఇలాంటి పట్టికలు చూసే ఊహించుకుంటారు. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగైనా కత్తిరించకుండా వేయమని మనవి.

డెన్వర్ 5,280 అడుగుల ఎత్తున, సరిగ్గా మైలు ఎత్తులో ఉన్నమాట నిజమే. కానీ ఆ ఊరు కూర్చున్నది మైదానం మీద. పర్వతాలు పడమటి దిక్కున కనిపిస్తాయి గానీ ఊరి వీధులు చాలావరకు చదునే. శాన్‌ఫ్రాన్సిస్కోలో అన్నిటికన్నా ఎత్తయిన మౌంట్ డేవిడ్సన్ 928 అడుగులు. మన బెంగళూరు దాదాపు 3,000 అడుగుల మీద ఉంది. అంటే ఆ ఊరి పెద్ద కొండకి మూడింతల ఎత్తున మనం రోజూ తిరుగుతున్నాం, అయినా కాళ్లు పీకడం లేదు. ఎత్తు ఊపిరికి, వాతావరణానికి సంబంధించిన లెక్క. కాళ్లకీ బ్రేకులకీ కావలసింది వాలు లెక్క.

వాలుని రోడ్ల పనిలో శాతంలో చెబుతాం. వంద మీటర్లు అడ్డంగా పోయేసరికి ఎన్ని మీటర్లు పైకెక్కామన్నదే ఆ శాతం. ఇరవై శాతమంటే వంద మీటర్లకి ఇరవై మీటర్లు, సుమారు ఆరేడు అంతస్తులు. దీన్ని డిగ్రీలతో కలపకూడదు. వంద శాతం అంటే నిట్టనిలువు కాదు, 45 డిగ్రీలు. 37 శాతం 20 డిగ్రీల పైచిలుకు మాత్రమే. ఎవరైనా సొంతంగా కొలుచుకోవచ్చు. మీటరు పొడవు చెక్క ఒకటి, మేస్త్రీల దగ్గర ఉండే రసమట్టం ఒకటి చాలు. చెక్కని వాలు వెంట పెట్టి, దాని మీద రసమట్టం ఉంచి, ఎగువ కొసని నేలకి ఆనించి, దిగువ కొసని బుడగ మధ్యకి వచ్చేదాకా పైకి లేపండి. ఆ కొస కింద సందు ఎన్ని సెంటీమీటర్లుంటే వాలు అంత శాతం. చెక్క రోడ్డుకి ఏటవాలుగా అడ్డం తిరిగితే అంకె తగ్గి వస్తుంది, మంది చేసే తప్పు అదే. కొలిచే చోటు కూడా ముఖ్యం. మలుపులో లోపలి అంచున వాలు ఎప్పుడూ ఎక్కువగా ఉంటుంది. 2019లో వేల్స్‌లోని హార్లెక్ వీధికి దక్కిన, ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ వాలున్న వీధి అన్న రికార్డు మరుసటి ఏడాదే న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో ఉన్న బాల్డ్‌విన్ స్ట్రీట్‌కి తిరిగి వెళ్లింది అందుకే. రోడ్డు నడిమి గీత మీద కొలవాలని తేల్చారు. బాల్డ్‌విన్ స్ట్రీట్ వాలు 34.8 శాతం.

ఈ అంకెలు మనసుకెక్కాలంటే తిరుమల ఘాట్ రోడ్డు తలుచుకుంటే చాలు. అలిపిరి నుంచి కొండపైకి సుమారు 18 కిలోమీటర్ల దారి, ఎక్కే ఎత్తు 700 మీటర్లకి లోపు. సగటు తీస్తే 4 శాతం కూడా రాదు. కొండ ఎంత పెద్దదైనా మలుపులు తిప్పి దారిని పొడుగు చేశారు కాబట్టి బస్సులు ఎక్కుతున్నాయి. అదే కొండని మోకాళ్ల పర్వతం దగ్గర మెట్ల దారిలో ఎక్కేవాళ్లకి వాలంటే ఏమిటో తెలుసు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది దీనికి తలకిందులు. 1847లో జాస్పర్ ఓఫారెల్ అనే సర్వేయరు చదును నేల మీద గీసినట్టు గళ్ల గళ్లగా వీధులు గీశాడు. కొండ అడ్డొస్తే చుట్టూ తిప్పలేదు, గీతని కొండ మీంచే లాగారు. ఫిల్బర్ట్ స్ట్రీట్‌లో హైడ్, లెవెన్‌వర్త్ వీధుల మధ్య ముక్క 31.5 శాతం వచ్చింది దానివల్లే. 22వ స్ట్రీట్‌లో చర్చ్, విక్స్‌బర్గ్ వీధుల మధ్య కూడా అంతే. టూరిస్టులు ఫోటోలు దిగే లాంబార్డ్ స్ట్రీట్‌లో ఒక్కచోట మాత్రం 1922లో బుద్ధి మార్చుకుని ఎనిమిది మలుపులు తిప్పారు, అక్కడ 27 శాతం వాలు 16కి దిగింది. వంకర్లున్న ఆ వీధి భయపెడుతుంది గానీ, పక్కన తిన్నగా కనిపించే వీధులే ప్రమాదం.

ఆ వాలు మీద కారుకి ఏమవుతుందో లెక్క కట్టి చూడండి. 1,500 కిలోల కారు 31.5 శాతం వాలు మీద నిలబడితే, దాన్ని సుమారు 450 కిలోల బరువు కట్టి కిందికి లాగుతున్నట్టు లెక్క. అందుకే 3 శాతం దాటిన వాలు మీద ఎక్కడ ఆపినా ముందు చక్రాలు తిప్పి పెట్టాలని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం నియమం పెట్టింది, లేకపోతే జరిమానా. మనవాళ్లు పొరబడేది దిశ దగ్గర. అక్కడ కారు ఆపేది కుడి అంచున. కారు ముక్కు దిగువకి ఉంటే చక్రాలు కుడికి, అంటే పేవ్‌మెంటు వైపు తిప్పాలి. ముక్కు ఎగువకి ఉంటే ఎడమకి, రోడ్డు నడిమి వైపు తిప్పి, బ్రేకు మెల్లగా వదులుతూ కారుని జానెడు వెనక్కి జారనివ్వాలి. ముందు టైరు వెనక అంచు పేవ్‌మెంటు చివరన ఉండే కర్బు రాయికి మెత్తగా ఆనితే చాలు, బ్రేకు పట్టు వదిలినా కారుని రాయే ఆపుతుంది. కర్బు రాయి లేని చోట ఎగువైనా దిగువైనా కుడికే తిప్పాలి, అప్పుడు కారు జారినా రోడ్డు మీదికి రాదు.

ఇంకొక సంగతి డ్రైవింగ్ స్కూళ్లలో సరిగా చెప్పరు. ఆటోమేటిక్ కారుని వాలు మీద ఆపి వెంటనే పార్క్ గేరు వేసి, ఆ తర్వాత హ్యాండ్ బ్రేకు లాగితే కారు బరువంతా గేరుబాక్సులో వేలెడంత ఉండే ఉక్కు కొక్కెం మీద పడుతుంది. తర్వాత బండి తీసేటప్పుడు గేరు బిగుసుకుని, లాగితే డబ్బుమని చప్పుడు చేస్తుంది. నాలుగుసార్లకి ఏమీ కాకపోయినా, రోజూ అదే పనైతే ఆ కొక్కెం అరుగుతుంది. వరస ఇలా ఉండాలి: కాలి బ్రేకు తొక్కి పట్టుకుని న్యూట్రల్‌కి తేవాలి, హ్యాండ్ బ్రేకు వేయాలి, కాలు మెల్లగా వదిలి కారు బరువు హ్యాండ్ బ్రేకు మీద కూర్చుందని చూసుకోవాలి, మళ్లీ కాలి బ్రేకు తొక్కి అప్పుడు పార్క్‌లో వేయాలి. గేరు కారైతే ఎగువకి ఫస్టు, దిగువకి రివర్సు వేసి వదలాలి.

నడిపేటప్పుడు కూడళ్లు మోసం చేస్తాయి. ఎక్కుడు వీధిలో ప్రతి అడ్డరోడ్డు దగ్గరా మెట్టు వేసినట్టు చిన్న చదును, దాని తర్వాత మళ్లీ వాలు. వేగంగా వెళ్తే తక్కువ ఎత్తున్న కార్ల పొట్ట నేలకి రాసుకుంటుంది. శిఖరం దగ్గరకి చేరేసరికి బానెట్టూ ఆకాశమూ తప్ప రోడ్డు కనిపించదు, అవతల మనిషి దాటుతున్నాడో లేదో తెలియదు, కాబట్టి అక్కడ నడక వేగానికి రావాలి. ఎగువకి ఆగిన కారు వెనక పూర్తిగా ఒక కారు పొడవు ఖాళీ వదలాలి. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే అది వేడెక్కి పట్టు తగ్గుతుంది. లో గేరులో వేసి ఇంజను చేతే ఆపించాలి.

ఆ ఊరి వాలుకి మనిషి కనిపెట్టిన జవాబు, వీధిలో పట్టాల మీద నడిచే కేబుల్ కారు. ఆండ్రూ హాలిడీ 1873 ఆగస్టులో క్లే స్ట్రీట్‌లో మొదటిది నడిపాడు. చాలామంది కారుకి మోటారు ఉంటుందనుకుంటారు, ఉండదు. రోడ్డు కింద గాడిలో అంగుళంపావు మందం ఉక్కు మోకు గంటకి 9.5 మైళ్ల వేగంతో ఆగకుండా తిరుగుతుంటుంది. నాలుగు మోకుల్నీ తిప్పేది వాషింగ్టన్, మేసన్ వీధుల మూల మీది ఒకే యంత్రశాల. గ్రిప్‌మ్యాన్, అంటే బండి నడిపేవాడు, మీట వెనక్కి లాగితే కింద పట్టకారు మోకుని కరిచి పట్టుకుంటుంది, కారు కదులుతుంది. దిగేటప్పుడు కూడా మోకుని పట్టుకునే దిగుతారు, అందువల్లే వేగం 9.5 దాటదు. ఒక మోకు మీదుగా ఇంకో మోకు పోయే కూడలిలో సరైన క్షణాన వదిలేసి, దొర్లుకుంటూ దాటి మళ్లీ పట్టుకోవాలి. వదలడం ఆలస్యమైతే పైమోకు దెబ్బతింటుంది. బ్రేకులు మూడు రకాలు. చక్రాలకి ఒకటి. పట్టాల మీద నొక్కే మెత్తటి కర్ర దిమ్మలు రెండోది, అవి కొద్ది రోజులకే అరిగిపోయి మార్చాల్సి వస్తాయి. రెండూ పట్టకపోతే గాడిలోకి దిగే ఉక్కు మేకు మూడోది, అది ఒక్కోసారి ఎంత గట్టిగా బిగుస్తుందంటే కోసి తీయాలి. 1947లో ఈ బళ్లు తీసేద్దామని నగరపాలకులు చూస్తే ఫ్రీడెల్ క్లుస్‌మన్ ముందుండి పౌరుల్ని కూడగట్టి ఆపించింది. అదే చేయకపోయుంటే ఈ పనితనం ఈనాడు చూడ్డానికి కూడా మిగిలేది కాదు.

సైకిలు మీద తిరిగే విద్యార్థులకి అక్కడే ఒక మంచి దారి ఉంది. మార్కెట్ స్ట్రీట్ నుంచి గోల్డెన్ గేట్ పార్కు వైపు వంకర్లు తిరుగుతూ పోయే విగ్గిల్. చుట్టూ కొండలున్నా ఆ దారిలో వాలు 6 శాతం దాటదు. కారణం, అది ఒకప్పటి వాగు దారి. నీరు ఎంచుకున్న దారే సైకిలుకీ సుఖం.

పిట్స్‌బర్గ్ మీ పట్టికలో లేనే లేదు. తెలుగువాళ్లకి ఆ ఊరు 1977 నాటి పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడి వల్ల తెలుసు, గుడి ఉన్నదీ కొండవాలు మీదే. బీచ్‌వ్యూ పేటలోని కాంటన్ అవెన్యూ వాలు 37 శాతం. నిజం చెప్పాలంటే ఆ 37 ఉన్నది ఇరవై అడుగుల చిల్లర ముక్క మీదే. బాల్డ్‌విన్ స్ట్రీట్‌తో పోల్చేటప్పుడు ఈ తేడా చెప్పకపోతే అన్యాయం. అసలు పిట్స్‌బర్గ్ గొప్పదనం ఒక్క వీధిలో లేదు. మూడు నదులు నేలని కోసి పెట్టాయి, మిట్ట మీద ఇళ్లు, అడుగున ఫ్యాక్టరీలు. కూలీలు దిగి ఎక్కడానికి కట్టిన మెట్ల దారులు ఇప్పటికీ 700 పైచిలుకు ఉన్నాయి, అమెరికాలో ఏ ఊళ్లోనూ ఇన్ని లేవు. వీటిలో చాలావాటికి చట్టప్రకారం వీధి హోదా ఉంది, మ్యాపులో పేరుతో సహా రోడ్డులాగే కనిపిస్తాయి. ఫోను చూపించిందని కారు తిప్పితే ఎదురుగా మెట్లు వస్తాయి. అద్దె ఇంటి చిరునామా అలాంటి వీధి మీద ఉంటే సామాను లారీ గుమ్మం దాకా రాదు, అడ్వాన్సు కట్టకముందే అడగాలి. పైకి లాగే బండ్లు, ఇన్‌క్లైన్‌లు, ఒకప్పుడు డజనుకి మించి ఉండేవి. మిగిలినవి రెండు, 1870 నాటి మొనాంగహేలా, 1877 నాటి డ్యూకేన్. మొనాంగహేలా పట్టాల పొడవు 635 అడుగులు, ఎక్కే ఎత్తు 369 అడుగులు. ఒకటి దిగుతుంటే ఆ బరువు రెండోదాన్ని పైకి లాగడంలో సాయపడుతుంది, ఏతంలో లాగ. మోటారు లాగాల్సింది రెండింటి బరువుల తేడానే.

పిట్స్‌బర్గ్‌లో భయపడాల్సింది వాలుకన్నా మట్టికి. కొండల పొరల్లో ఎర్రటి బంకరాయి ఒకటుంది, రెడ్ బెడ్స్ అంటారు. పొడిగా ఉన్నంతకాలం రాయిలా ఉంటుంది, నీరు తాగితే సబ్బులా జారుతుంది. 2018 తొలి నెలల్లో వానలు విపరీతంగా పడ్డాక, ఏప్రిల్‌లో ఊరి పక్కనే 30వ నంబరు హైవే గట్టు జారి కింద ఉన్న అపార్ట్‌మెంటుని పడగొట్టింది. ఇల్లు కొనేవాళ్లు చూడాల్సినవి చెబుతాం. ఇటుక గోడలో మెట్ల ఆకారంలో పగుళ్లున్నాయా. తలుపులు ఒక మూల పట్టేస్తున్నాయా. వాలు మీది చెట్ల మొదళ్లు ఒంగి పైకి వెళ్లాక నిటారుగా మారాయా, అలాగుంటే నేల ఏళ్ల తరబడి మెల్లగా జారుతూ ఉండొచ్చు. డాబా గొట్టపు నీళ్లు ఎక్కడ పోస్తున్నారు? ఇంటి వెనక వాలు మీదికి వదిలితే జారుడుకి వాళ్లే నీళ్లు పోసి పెంచుతున్నట్టు. వాలు మట్టిని ఆపే రిటైనింగ్ గోడకి అడుగున నీరు కారే రంధ్రాలుండాలి, వాన తర్వాత అవి కారాలి. పొడిగా ఉండి గోడ పొట్ట ముందుకి వస్తుంటే వెనకాల నీరు నిలిచిందని అర్థం. గోడల్ని ఎక్కువగా పడగొట్టేది వెనక నిలిచిన ఆ నీటి ఒత్తిడే. ఒక్కటి మరవొద్దు: అక్కడి మామూలు ఇంటి బీమాలో నేల జారడం కలవదు. పాలసీలో ఆ పేరా చదివాకే సంతకం పెట్టాలి.

సియాటిల్ వెళ్లేవాళ్లు ఎక్కువ కాబట్టి దాని సంగతీ చెప్పాలి. హిమానీనదాలు ఉత్తర దక్షిణాలుగా గీరి వదిలిన మిట్టలవి. అందుచేత చాలాచోట్ల ఉత్తర దక్షిణ వీధులు మెత్తగా, తూర్పు పడమర వీధులు నిట్రంగా ఉంటాయి. బస్ స్టాపు నుంచి ఇల్లు ఏ దిక్కున ఉందో చూసుకుంటే మోకాళ్లకి మేలు. మధ్య ఊళ్లో నాలుగో అవెన్యూ నుంచి ఐదో అవెన్యూకి ఎక్కలేనివాళ్లు సెంట్రల్ లైబ్రరీలో కింది గుమ్మంలో దూరి, లిఫ్టు ఎక్కి, మూడో అంతస్తు గుమ్మంలోంచి పై వీధిలోకి వస్తారు. మేడలు ఇలా రెండు వీధులకి గుమ్మాలు తెరవడం పెద్దవాళ్లకి నిజమైన ఉపకారం. కొండనే తీసేసిన ఊరు కూడా ఇదే. ఇంజనీరు ఆర్. హెచ్. థామ్సన్ మొదలుపెట్టిన పనిలో 1898 నుంచి 1930 దాకా విడతలుగా డెన్నీ కొండని గొట్టాల నీటితో కోసి, ఆ తర్వాత యంత్రాలతో తవ్వి సముద్రంలో పోశారు. అమెజాన్ ఆఫీసులు ఇప్పుడున్న చదును నేల అలా వచ్చిందే. మిగిలిన కొండల్లో పైన ఇసుక, కింద బంకమట్టి. వాన నీరు ఇసుకలోంచి దిగి బంక దగ్గర ఆగి పక్కకి ఊటగా వస్తుంది, జారుళ్లు పుట్టేది ఆ గీత వెంబడే. 1996-97 చలికాలంలో ఊళ్లో అలాంటివి చాలా జరిగాయి.

శాతం ఒక్కటే చూసినా చాలదు, చలిని కలపాలి. మంచుగడ్డ కట్టిన రోడ్డు మీద టైరు పట్టు ఎంత తక్కువంటే 10 శాతం వాలుకే బండి జారడం మొదలుపెట్టవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మంచు పడదు కాబట్టే 31 శాతం వీధిలో జనం కాపురాలు చేస్తున్నారు. సుపీరియర్ సరస్సు ఒడ్డున 600 అడుగుల నుంచి 1,400 దాకా ఎగబాకే డులుత్‌లో వీధుల శాతాలు అంత భయపెట్టవు, కానీ చలికాలం నెలల తరబడి ఉంటుంది. ఉప్పు చల్లితే కరుగుతుందిలే అనుకోకూడదు, మైనస్ 9 డిగ్రీలు దాటితే ఉప్పు సరిగా పనిచేయదు. సియాటిల్‌లో మంచు అరుదు, అందుకే పడినప్పుడు ఇబ్బంది ఎక్కువ. 2008 డిసెంబరులో రెండు బస్సులు థామస్ స్ట్రీట్ దిగువకి జారి, ఐ-5 హైవే మీద గోడ విరగ్గొట్టుకుని అంచున వేలాడాయి. మంచు రోజున రవాణా సంస్థ బస్సుల దారులు మార్చి చదును వీధుల్లో తిప్పుతుంది, ఆ మంచు దారుల మ్యాపు నవంబరులోనే ఫోనులో దాచుకోవాలి.

లాస్ ఏంజెలెస్‌ని కొండ ఊరని ఎవరూ అనరు గానీ బాక్స్‌టర్ స్ట్రీట్ 32 శాతం. ఫోన్లలోని దారి చూపే యాప్‌లు ట్రాఫిక్ తప్పించడానికి అటు తోలడంతో కార్లు గోడల్లోకి, తోటల్లోకి జారాయి. చివరికి 2018లో దాన్ని దిగువకి మాత్రమే వెళ్లే వన్ వే చేశారు. యాప్‌కి దూరం, సమయం లెక్కలో ఉన్నంతగా వాలు ఉండదని గుర్తుంచుకోవాలి. సిన్సినాటిలో కూడా మట్టి జారుడు బాధ పిట్స్‌బర్గ్ లాంటిదే, పైన చెప్పిన పరీక్షలన్నీ అక్కడా వర్తిస్తాయి.

బెంగళూరులో ఉన్నవాళ్లకి ఈ లెక్క పరాయిది కాదు. మన ఊరు ఒక గట్టు మీద కూర్చుంది, నీరు హెబ్బాళ, కోరమంగళ చల్లఘట్ట, వృషభావతి లోయల్లోకి దిగుతుంది. మెజెస్టిక్ బస్టాండు ఒకప్పటి ధర్మాంబుధి చెరువు. మూడు వేల అడుగుల ఎత్తున ఉన్న ఊళ్లో ఇళ్లు మునగడమేమిటని ప్రతి వానాకాలం ఆశ్చర్యపోతూ వార్తలు వస్తాయి. మీ పట్టికలో దొర్లిన పొరపాటే అక్కడా ఉంది.

వచ్చే అనుబంధంలో సవరణ వేస్తే పట్టికకి నాలుగు గడులు పెట్టమని కోరుతున్నాం: నిట్రమైన వీధి పేరు, నడిమి గీత మీద దాని శాతం, ఆ శాతం ఎన్ని అడుగుల పొడవున ఉందో, ఆ ఊళ్లో మంచు పడుతుందో లేదో. డెన్వర్ స్థానంలో పిట్స్‌బర్గ్ వేయండి.

ఇట్లు,
రోడ్ల సర్వే పనిలో ఉన్న కొందరు తెలుగు ఇంజనీర్లు,
బసవనగుడి, బెంగళూరు